ఇంపెల్లర్ బ్లేడ్ మీద అడ్డపట్టీలు: తప్పు టూల్ పాత్‌దా, మిషన్‌దా?

టర్బో_పని

వివరాలన్నీ ముందే పెడుతున్నాను, మళ్ళీ మళ్ళీ అడిగే పని లేకుండా.

జాబ్: కంప్రెసర్ ఇంపెల్లర్ (గాలిని నెట్టే బ్లేడ్ల చక్రం), 2618 అల్యూమినియం ఫోర్జింగ్. బయటి వ్యాసం 140 మి.మీ. 7 పూర్తి బ్లేడ్లు, వాటి మధ్య 7 స్ప్లిటర్లు (పొట్టి బ్లేడ్లు). అంచు దగ్గర బ్లేడ్ మందం 0.8. బ్లేడ్ హబ్‌లో (మధ్య దిమ్మలో) కలిసే ఫిల్లెట్ ఆర్2.5, అంటే వ్యాసార్ధం 2.5 మి.మీ. డ్రాయింగ్ అడిగింది ఆర్ఏ (ఉపరితల గరుకు, మైక్రాన్లలో) 0.8, ప్రొఫైల్ ±0.05.

మిషన్: ట్రనియన్ టేబుల్, ఎ–సి అక్షాలు (ఎ టేబుల్‌ని వంచుతుంది, సి తిప్పుతుంది), సీమెన్స్ 840డి ఎస్ఎల్, ట్రావోరి (టేబుల్ తిరిగినా టూల్ కొసని పాత్ మీదే ఉంచేది) ఆన్‌లో ఉంది. పోస్ట్ (టూల్ పాత్‌ని మిషన్ ప్రోగ్రాంగా రాసేది) ఎ, సి కోణాలనే ఇస్తుంది.

టూల్: ఆర్2 టేపర్ బాల్ నోస్ (గుండ్రటి ముక్కు, పైకి వెడల్పయ్యే టూల్), ఒక్కో వైపు 3 డిగ్రీలు, 2 ఫ్లూట్ల కార్బైడ్, ష్రింక్ ఫిట్ హోల్డర్, హోల్డర్ నుంచి బయటికి 45 మి.మీ. 20,000 ఆర్‌పీఎం, ఫీడ్ 2400, స్టెప్ ఓవర్ (పాస్‌కి పాస్‌కి దూరం) 0.25, ఫినిషింగ్‌కి వదిలిన మెటల్ 0.2. క్యామ్ (టూల్ పాత్ వేసే సాఫ్ట్‌వేర్) టాలరెన్స్ 0.01.

సమస్యలు మూడు. ఒకటి, బ్లేడ్ ప్రెజర్ సైడ్ మీద గాలి పోయే దిశకి అడ్డంగా పట్టీలు. జాబ్‌ని ట్యూబ్‌లైట్ కింద కాస్త వంచి చూస్తే వెలుగు గీత మెట్లుమెట్లుగా విరిగి కనిపిస్తుంది. పట్టీకి పట్టీకి మధ్య సుమారు 1.4 మి.మీ. గోటికి తగలవు, కంటికి మాత్రం స్పష్టం. రెండు, అవుట్‌లెట్ దగ్గర హబ్ మీద ప్రతి ఛానెల్‌లో ఒకే చోట చిన్న గుంట. ఇది గోటికి తగులుతుంది. మూడు, స్ప్లిటర్ ముందు అంచు మిగతా బ్లేడ్ కన్నా మెరుస్తోంది, రుద్దినట్టు ఉంది.

చాటర్ (కోతలో వచ్చే వణుకు) అనుకుని 18,000కి తగ్గించి చూస్తే పట్టీల్లో ఏ తేడా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

స్పిండిల్_శీను

టూల్ స్టిక్ అవుట్ తగ్గించి చూడండి. ఆర్2 టూల్‌కి 45 మి.మీ. ఎక్కువే. పైగా బ్లేడ్ మందం 0.8, వణకకుండా ఎలా ఉంటుంది? ఫినిషింగ్ ఫీడ్ 1500కి దించండి.

కోత_లెక్కలు

శీనూ, ఇది చాటర్ కాదు. లెక్క చూడు. ఫీడ్ 2400 అంటే సెకనుకి 40 మి.మీ. పట్టీల దూరం 1.4. 40ని 1.4తో భాగిస్తే సెకనుకి 28 సార్లకి పైనే. ఇంత సన్నటి బ్లేడ్‌గానీ, ఆర్2 టూల్‌గానీ 28 హెర్ట్జ్ దగ్గర వణకవు. వాటి వణుకు వందల్లో, వేలల్లో ఉంటుంది. ఈ టూల్‌కి పంటి తాకిడే 20,000/60 × 2, అంటే 667 హెర్ట్జ్. నిజంగా 1800 హెర్ట్జ్ చాటర్ ఉంటే గీతల మధ్య దూరం 0.022 మి.మీ. ఉండాలి. అది కంటికి పట్టీలా కాదు, మసకబారిన గరుకులా కనిపిస్తుంది. చెవికి కూత కూడా వినిపిస్తుంది.

28 హెర్ట్జ్ అంటే రెండే దారులు. ప్రోగ్రాంలోని పాయింట్ల దూరం 1.4 అయినా ఉండాలి, లేదా ఏదో ఒక అక్షం సర్వో ఆ వేగంతో ఊగుతూ అయినా ఉండాలి. ఈ రెంటినీ విడదీయడానికి ఒక్క బ్లేడ్ చాలు. ఇంకేమీ ముట్టుకోకుండా ఫీడ్ ఓవర్‌రైడ్ 50 శాతం పెట్టి ఒక బ్లేడ్ ఫినిష్ చేయండి. పట్టీల దూరం 1.4 దగ్గరే ఉంటే తప్పు ప్రోగ్రాంలో ఉంది. 0.7కి దగ్గరపడితే అది కాలంతో వచ్చేది, అంటే సర్వో లేదా మెకానికల్. ఈ పరీక్ష అవ్వకముందు టూల్, హోల్డర్, స్పీడ్ ఏదీ మార్చకండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తేలదు.

నా అనుమానం మాత్రం ప్రోగ్రాం మీదే. క్యామ్ టాలరెన్స్ 0.01 అన్నారు. ఆ బ్లేడ్ వంపు గాలి దిశలో ఆర్25 దరిదాపుల్లో ఉంటే, వంపుని తిన్నటి ముక్కలుగా విరిచినప్పుడు ఒక్కో ముక్క పొడవు √(8 × 25 × 0.01), అంటే 1.41 మి.మీ. మీరు కొలిచింది 1.4.

టర్బో_పని

మోడల్‌లో చూశాను. ప్రెజర్ సైడ్ మధ్యలో వంపు ఆర్24 నుంచి ఆర్27 మధ్య ఉంది. 50 శాతం ఫీడ్‌తో ఒక బ్లేడ్ చేశాను. పట్టీలు ఎక్కడివక్కడే ఉన్నాయి, అదే 1.4.

క్యామ్_లక్ష్మి

అయితే అవి ఫేసెట్లే, వంపు బదులు పడిన చదును ముక్కలు. ఇందులో చాలామంది పొరబడేది ఒకటుంది. 0.01 టాలరెన్స్ అంటే ఆకారంలో తేడా 10 మైక్రాన్లే కదా, ±0.05 ప్రొఫైల్‌లో ఎంత అనుకుంటారు. కంటికి కనిపించేది ఆ 10 మైక్రాన్ల లోతు కాదు, ముక్కకీ ముక్కకీ మధ్య కోణం. 1.41 పొడవు ముక్క ఆర్25 మీద ఉంటే ఒక్కో మలుపు 1.41/25 రేడియన్లు, అంటే 3.2 డిగ్రీలు. మెరిసే అల్యూమినియం మీద అంతకన్నా చాలా తక్కువ మలుపే కంటికి తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. మీరు వాడింది ఐసో పారామెట్రిక్ (సర్ఫేస్ గీతల వెంటే పోయే) పాత్ అయి ఉండాలి. అందులో పక్కపక్క పాస్‌ల పాయింట్లు ఒకే వరుసలో పడతాయి. అందుకే మలుపులన్నీ కలిసి పట్టీ అయ్యాయి. పాయింట్లు చెదిరి ఉంటే చేప పొలుసుల్లా కనిపించేది, తప్పు మాత్రం అదే.

చేయాల్సింది:

క్యామ్ టాలరెన్స్ 0.003. దీనితో ఆర్25 మీద ముక్క 0.77కి వస్తుంది. అది చాలదు, గరిష్ఠ పాయింట్ దూరం 0.3 అని విడిగా పెట్టండి. అప్పుడు మలుపు 0.7 డిగ్రీలకి దిగుతుంది, మిగిలింది కంట్రోలర్ నున్నగా కలుపుతుంది. టాలరెన్స్ ఒక్కటే తగ్గిస్తే వంపు ఎక్కువున్న చోట పాయింట్లు కిక్కిరిసిపోయి, చదునుగా ఉన్న చోట పలచబడతాయి. ఆ తేడా వల్ల ఫీడ్ ఎగుడుదిగుడు అవుతుంది. పాయింట్లు సమదూరంలో ఉండటం టాలరెన్స్ కన్నా ముఖ్యం అని నేను గట్టిగా నమ్ముతాను.

టూల్ యాక్సిస్‌కి కూడా గరిష్ఠ కోణ మార్పు పెట్టండి, పాయింట్‌కి పాయింట్‌కి 0.5 డిగ్రీ దాటకుండా. పాయింట్లు సాఫీగా ఉండి టూల్ యాక్సిస్ తూలుతుంటే ట్రనియన్ ఊగి, ఆ ఊపు బ్లేడ్ మీద అచ్చుపడుతుంది. బ్లేడ్ మొదట్లో, చివర్లో, మధ్యలో గైడ్ గీతలు గీసి వాటి మధ్య ఇంటర్‌పొలేట్ చేయించడం అన్నిటికన్నా మంచిది. కొలిజన్ చెక్‌తో దానంతటదే టిల్ట్ అయ్యే పద్ధతిని ఫినిషింగ్‌లో వాడకండి. అది ఢీకొనే చోటుకి వచ్చేదాకా ఆగి, అక్కడ ఒక్కసారిగా తిప్పుతుంది.

కంట్రోలర్_మూర్తి

లక్ష్మి గారి మాటకి కొనసాగింపు. కంట్రోలర్ వైపు సర్దకపోతే ఆ పాయింట్లన్నీ వృథా. ప్రోగ్రాం మొదట్లో సైకిల్832 (పాత్‌ని కలపడానికి కంట్రోలర్‌కి ఇచ్చే టాలరెన్స్) ఏ విలువతో ఉంది? టాలరెన్స్ క్యామ్ కన్నా కాస్త ఎక్కువ ఉండాలి, ఒకటిన్నర రెట్ల దరిదాపుల్లో. క్యామ్‌లో 0.003 అయితే ఇక్కడ 0.004 లేదా 0.005. క్యామ్ కన్నా తక్కువ ఇస్తే కంప్రెసర్‌కి (కంట్రోలర్‌లో పాయింట్లని కలిపి నున్నటి గీతగా మార్చేది) మసలే చోటే ఉండదు, ప్రతి మలుపునీ ఉన్నది ఉన్నట్టు పాటిస్తుంది, ఫేసెట్లు అలాగే జాబ్ మీదికి దిగుతాయి. మరీ ఎక్కువ, 0.03 లాంటిది ఇస్తే అంచుల దగ్గర ఆకారమే గుండ్రబడుతుంది.

ఐదు అక్షాలకి ఓరియెంటేషన్ ఉన్న ఫినిష్ మోడ్ ఎంచుకుని, కోణాల టాలరెన్స్ కూడా ఇవ్వండి. అది ఇవ్వకపోతే ఎక్స్, వై, జెడ్ నున్నగా పోతాయి, ఎ, సి మాత్రం గతుకుల్లో నడుస్తాయి.

ఇంకోటి చూడండి. మీ పోస్ట్ ప్రతి బ్లాకులో (ప్రోగ్రాం వరుసలో) ఏదైనా ఎం కోడ్ గానీ, వేరే కమాండ్ గానీ రాస్తోందా? జీ1, అక్షాలు, ఫీడ్ ఇవి తప్ప ఇంకేం ఉన్నా కంప్రెసర్ అక్కడ తెగిపోయి మళ్ళీ మొదలవుతుంది. ఆ తెగిన చోట్లన్నీ మార్కులవుతాయి.

పాత_ఫానుక్

మా దగ్గర ఫానుక్, పక్క మిషన్ హైడెన్‌హైన్. అవే మాటలు వాటికి ఎలా వర్తిస్తాయి?

కంట్రోలర్_మూర్తి

ఫానుక్‌లో జీ43.4 టూల్ టిప్ కంట్రోల్, దానితో పాటు జీ05.1 క్యూ1. పక్కన ఆర్ విలువ 1 నుంచి 10 దాకా. ఆర్1 వేగానికి, ఆర్10 కచ్చితత్వానికి. ఫినిషింగ్‌కి ఆర్8 దగ్గర మొదలుపెట్టి చూడండి. హైడెన్‌హైన్‌లో ఎం128 లేదా ఫంక్షన్ టీసీపీఎం, టాలరెన్స్‌కి సైకిల్ 32. అందులో రోటరీ అక్షాల టాలరెన్స్ విడిగా ఇవ్వచ్చు, దాన్ని ఖాళీగా వదలకండి. అక్కడ కూడా సైకిల్ విలువ క్యామ్ టాలరెన్స్ కన్నా ఎక్కువే ఉండాలి.

పాత ఫానుక్ అంటే ఇంకో మాట. మెమరీ చాలక ప్రోగ్రాంని ఆర్ఎస్232 మీదుగా పంపుతున్నారా? 9600 బాడ్ అంటే సెకనుకి 960 అక్షరాలు. ఐదు అక్షాల బ్లాకు ఒక్కోటి 45 అక్షరాలు ఉంటే సెకనుకి 21 బ్లాకులు. 0.3 పాయింట్ దూరంతో అయితే నిమిషానికి 384 మి.మీ. కన్నా వేగం రాదు. మీరు 2400 ఫీడ్ రాసినా మిషన్ ఆగుతూ ఆగుతూ పోతుంది, ఆగిన ప్రతిచోటా చుక్క పడుతుంది. డేటా సర్వర్ లేదా మెమరీ కార్డు నుంచి నడపండి.

ఫినిష్_కొలత

ఒక ప్రశ్న టర్బో_పని గారికి. ఆర్ఏ ఏ దిశలో కొలిచారు, ఎంత వచ్చింది?

టర్బో_పని

గాలి దిశలో కొలిస్తే 0.5 వచ్చింది, పాస్ అయింది. అందుకే ఇన్‌స్పెక్షన్‌లో జాబ్ ఓకే, అసెంబ్లీ వాళ్ళు కంటితో చూసి వెనక్కి పంపారు. కటాఫ్ (గరుకునీ పెద్ద అలల్నీ వేరుచేసే హద్దు) 0.8.

ఫినిష్_కొలత

అదే అనుకున్నాను. 0.8 కటాఫ్ అంటే అంతకన్నా పెద్ద దూరంలో వచ్చే అలల్ని ఫిల్టర్ చాలావరకు తీసేస్తుంది. మీ పట్టీలు 1.4 దూరంలో ఉన్నాయి, కాబట్టి ఆర్ఏలో వాటి జాడ సగం పైగా పోతుంది. అవి వేవీనెస్ (పెద్ద అలల లెక్క) కింద పడతాయి. 2.5 కటాఫ్‌తో మళ్ళీ తీయండి, లేదా ఫిల్టర్ వేయని పీ ప్రొఫైల్ చూడండి. మెట్లు కనిపిస్తాయి.

రెండోది, పాస్‌లకి అడ్డంగా కూడా కొలవాలి. ఆర్2 బాల్, 0.25 స్టెప్ ఓవర్. పాస్‌ల మధ్య మిగిలే గట్టు ఎత్తు స్టెప్ ఓవర్ వర్గాన్ని 8 ఆర్‌తో భాగిస్తే వస్తుంది. 0.0625/16, అంటే 3.9 మైక్రాన్లు. ఆ ఆకారానికి ఆర్ఏ గట్టు ఎత్తులో సుమారు నాలుగో వంతు. అంటే 1.0. టూల్ కొత్తదైనా, మిషన్ ఎంత గొప్పదైనా ఈ స్టెప్ ఓవర్‌తో అడ్డం దిశలో 0.8 రాదు. గట్టు 2 మైక్రాన్లకి తేవాలంటే స్టెప్ ఓవర్ √(16 × 0.002), అంటే 0.18.

స్పిండిల్_శీను

0.25 నుంచి 0.18 అంటే పాస్‌లు దాదాపు 39 శాతం పెరుగుతాయి. 14 బ్లేడ్లకి అంత టైం ఎవరిస్తారు? చివర్లో స్కాచ్ బ్రైట్‌తో తోమితే పోదా?

ఫినిష్_కొలత

వద్దు శీను గారూ. చేత్తో తోమితే ముందుగా అరిగేది అంచులే. ముందు అంచు ఆర్0.4 లాంటిది ఉన్నప్పుడు రెండు మూడు తోముళ్ళకే ఆకారం మారుతుంది. పైగా 14 బ్లేడ్లూ ఒకేలా అరగవు, బ్యాలెన్సింగ్ దగ్గర ఆ బాకీ తీర్చాలి. 1.4 దూరంలో ఉన్న అల మెత్తటి ప్యాడ్‌తో పోదు కూడా. ప్యాడ్ అలతో పాటే వంగుతుంది, గట్టూ పల్లం రెండూ కలిసి మెరుస్తాయి అంతే.

క్యామ్_లక్ష్మి

టైం గురించి. ఫిల్లెట్ ఆర్2.5 కాబట్టి అడుగున ఆర్2 తప్పదు. పై భాగానికి ఛానెల్ పడితే ఆర్3 వాడచ్చు, అదే 2 మైక్రాన్ల గట్టుకి స్టెప్ ఓవర్ 0.22. లాభం అంత పెద్దది కాదు, రెండు టూళ్ళు కలిసే చోట గీత పడే ప్రమాదం మాత్రం పెద్దది. పొడవులో 5 మైక్రాన్ల తేడా ఉన్నా ఆ గీత కనిపిస్తుంది. బ్లేడ్ మొత్తం ఒకే టూల్‌తో చేయడమే నాకు ఇష్టం.

బ్యారెల్ కట్టర్ (పక్కలు పీపాలా పెద్ద వంపుతో ఉండే టూల్) గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. 85 మి.మీ. వ్యాసార్ధం ఉన్న బ్యారెల్‌తో 2 మైక్రాన్ల గట్టుకి స్టెప్ ఓవర్ 1.17 దాకా పోవచ్చు. పాస్‌లు ఆరో వంతుకి పడిపోతాయి. కానీ ఆ లెక్క చదునైన గోడకి. మెలికపడిన బ్లేడ్ మీద, ఇంత ఇరుకు ఛానెల్‌లో, పొడవాటి కాంటాక్ట్ వల్ల బ్లేడ్‌ని పక్కకి నెట్టే బలం పెరుగుతుంది. 0.8 మందానికి నేను పెట్టను. బ్లేడ్ పొడవుగా, విడిగా ఉండే టర్బైన్ పనికి, అచ్చుల గోడలకి అది నిజంగా బాగుంటుంది.

ఫీడ్ మాత్రం పెంచుకోవచ్చు. పంటికి 0.06 అంటే ఫీడ్ దిశలో గట్టు 0.0036/16, అంటే 0.2 మైక్రాన్. పంటికి 0.08 చేసినా 0.4 మైక్రాన్లే. స్టెప్ ఓవర్‌లో పోయిన టైం కొంత ఇక్కడ తిరిగొస్తుంది, ఫీడ్ 3200. అయితే మిషన్ ఆ వేగంలో మలుపులు తీసుకోగలగాలి, ముందు పట్టీలు పోనివ్వండి.

కోత_లెక్కలు

రెండో సమస్య, హబ్ మీద గుంట, ఎవరూ ముట్టుకోలేదు. టర్బో_పని గారూ, ఆ గుంట పడిన చోట ప్రోగ్రాంలో ఎ, సి విలువలు ఒకసారి రాయండి. అవుట్‌లెట్ దగ్గర హబ్ దాదాపు పడుకుని ఉంటుంది, టూల్ నిలువుకి వస్తుంది. ఎ సున్నాకి దగ్గరపడిందేమో.

టర్బో_పని

చూశాను. పది బ్లాకుల్లో ఎ 1.05 నుంచి 0.21కి దిగి, మళ్ళీ 0.98కి ఎక్కింది. ఆ పది బ్లాకుల్లోనే సి 112 నుంచి 268కి పోయింది. పాత్ పొడవు 3 మి.మీ.

కోత_లెక్కలు

అదే గుంట. టూల్ యాక్సిస్ సి అక్షానికి సమాంతరం అయ్యే చోటుని పోల్ అంటారు. సరిగ్గా పోల్ మీద సి ఏ కోణంలో ఉన్నా టూల్ దిశ ఒక్కటే. పోల్ పక్కనుంచి 0.2 డిగ్రీల దూరంలో దాటితే టూల్ వంగింది రెండు డిగ్రీలే అయినా సి 156 డిగ్రీలు తిరగాలి.

వేగం చూడండి. 3 మి.మీ.ని 2400 ఫీడ్‌తో దాటడానికి 0.075 సెకను. అందులో 156 డిగ్రీలంటే సెకనుకి 2080 డిగ్రీలు, 347 ఆర్‌పీఎం. మీ సి టేబుల్ గరిష్ఠం 100 ఆర్‌పీఎం అనుకుంటే ఫీడ్ సగటున 700 కిందికి పడిపోతుంది, పోల్‌కి అతి దగ్గర ఇంకా కిందికి. స్పిండిల్ మాత్రం 20,000లోనే తిరుగుతుంది. టూల్ ముక్కు అక్కడే కూర్చుని రుద్దుతుంది. పైగా సి అంత జోరుగా తిరుగుతున్నప్పుడు టూల్ టిప్ కదలకుండా ఉండాలంటే ఎక్స్, వై కూడా దానికి సరిగ్గా వంతపాడాలి. సర్వోల మధ్య కాస్త వెనకబాటు ఉన్నా అది నేరుగా జాబ్‌లోకి దిగుతుంది.

మందు సులువే. ఆ ఆపరేషన్‌లో టూల్ యాక్సిస్‌కి జెడ్ నుంచి కనీస కోణం 4 డిగ్రీలు అని హద్దు పెట్టండి. అన్ని క్యామ్‌లలోనూ ఏదో పేరుతో ఈ హద్దు ఉంటుంది. హబ్ మీద ముందుకు లీడ్ (పోయే దిశకి టూల్‌ని వంచడం) 8 నుంచి 10 డిగ్రీలు ఇస్తే ఇంకా మేలు, పోల్ జోలికే పోదు. హద్దు పెట్టాక సి విలువల్ని మళ్ళీ చదవండి. బ్లాకుకి 3 డిగ్రీలు దాటిన చోటు ఒక్కటి కూడా ఉండకూడదు.

మిల్లింగ్_రాజు

లీడ్ ఇస్తే ఇంకో లాభం కూడా ఉంది. బాల్ నోస్ ముక్కు మీద కటింగ్ స్పీడ్ సున్నా. హబ్ మీద టూల్ నిలువుగా ఉంటే ముక్కు కోయదు, నలుపుతుంది. ఆర్2 టూల్, లోతు 0.2: పనిచేసే వ్యాసం 2√(0.2 × 3.8), అంటే 1.74 మి.మీ. 20,000 దగ్గర నిమిషానికి 110 మీటర్లు, అది కూడా కోతలో పై కొసన మాత్రమే. అక్కడి నుంచి మధ్యకి వచ్చేకొద్దీ పడిపోతూ ముక్కు దగ్గర సున్నా. అల్యూమినియం అతుక్కుని బిల్టప్ ఎడ్జ్ కట్టేది అక్కడే. 10 డిగ్రీలు వంచితే పనిచేసే వ్యాసం 2.3కి పైగా పెరుగుతుంది, ముఖ్యంగా ముక్కు గాల్లో ఉంటుంది.

బ్లేడ్ పక్కల మీద ఈ ఇబ్బంది లేదు, అక్కడ బాల్ బుగ్గ కోస్తుంది. కానీ అక్కడ వేరే జాగ్రత్త ఉంది. టేపర్ 3 డిగ్రీలు కాబట్టి బ్లేడ్ నుంచి పక్కకి టిల్ట్ 3 కన్నా ఎక్కువ ఉండాలి, కనీసం 5 లేదా 6. సరిగ్గా 3 దగ్గర టేపర్ గోడ మొత్తం బ్లేడ్‌కి ఆనుకుంటుంది, బ్లేడ్ వణకడం మొదలవుతుంది. టర్బో_పని గారు ఎంత పెట్టారో చూసుకోవాలి.

టూల్‌కి పూత కూడా చూడండి. అల్యూమినియానికి టైటానియం అల్యూమినియం నైట్రైడ్ పూత వద్దు, అతుక్కుంటుంది. పూత లేని పాలిష్ ఫ్లూట్ లేదా డీఎల్‌సీ (వజ్రం లాంటి కార్బన్ పూత). రన్ అవుట్ (తిరిగేటప్పుడు టూల్ పక్కకి ఊగడం) టూల్ కొస దగ్గర 5 మైక్రాన్ల లోపు. 10 దాటితే రెండు పళ్ళూ సమానంగా కోయవు, అనుకున్న ఫీడ్ లెక్కలన్నీ తప్పుతాయి.

టర్బో_పని

సైడ్ టిల్ట్ 4 ఉంది, 6 చేస్తున్నాను. మూడో సమస్య, స్ప్లిటర్ ముందు అంచు?

క్యామ్_లక్ష్మి

అంచు వ్యాసార్ధం 0.4 అనుకుందాం. టూల్ ఆర్2. అంచు చుట్టూ తిరిగేటప్పుడు బాల్ సెంటర్ పోయే దారి వ్యాసార్ధం 2.4. అర్ధవృత్తం లెక్కన సెంటర్ 7.5 మి.మీ. నడిస్తే, కోత జరిగే చోటు కదిలేది 1.26 మి.మీ. అంటే మీరు 2400 ఫీడ్ అనుకుంటే అంచు మీద అసలు ఫీడ్ 400, పంటికి 0.01. ఆ మందంలో కోత జరగదు, రుద్దుడే. అందుకే మెరుపు. దీనికి తోడు ఆ కాస్త దూరంలో టూల్ యాక్సిస్ కూడా బ్లేడ్ ఒక వైపు నుంచి రెండో వైపుకి తిరగాలంటే ఎ, సి వేగం చాలక ఫీడ్ ఇంకా పడిపోతుంది.

అంచు దగ్గర టూల్ యాక్సిస్‌ని మార్చకండి. అంచుకి 3 మి.మీ. ముందు నుంచి దాటిన 3 మి.మీ. దాకా యాక్సిస్ దిశని దాదాపు స్థిరంగా ఉంచి, ఎక్స్, వై, జెడ్‌లనే చుట్టూ తిరగనివ్వండి. తిరగాల్సిన కోణాన్ని బ్లేడ్ పొడవునా పంచండి. రెండు వైపులూ కలిపి బ్లేడ్ చుట్టూ ఒకే స్పైరల్‌గా పైనుంచి కిందికి దిగండి, అప్పుడు ఎంట్రీ ఎగ్జిట్ మార్కులు ఉండవు, కోత అంతా క్లైంబ్‌లోనే (పన్ను తిరిగే దిశ, జాబ్ కదిలే దిశ ఒకటే) నడుస్తుంది. జిగ్‌జాగ్ వద్దు. ఒక పాస్ క్లైంబ్, ఒకటి కన్వెన్షనల్ అయితే బ్లేడ్ ఒకసారి అటు, ఒకసారి ఇటు వంగి, పాస్ విడిచి పాస్ రంగు మారుతుంది.

స్పైరల్‌లో ఇంకో మేలు, పైన సన్నగా కోసేటప్పుడు కింద ఇంకా సెమీ ఫినిష్ మెటల్ ఉండి బ్లేడ్‌ని పట్టుకుంటుంది. సెమీ ఫినిష్ మాత్రం బ్లేడ్ అంతటా ఒకే మందం వదిలేలా ఉండాలి. ఒక చోట 0.1, ఒక చోట 0.35 వదిలితే టూల్ వంగుడు మారుతుంది, ఆ మార్పు ఫినిష్ మీద మబ్బుల్లా కనిపిస్తుంది.

టర్బో_పని

చేసినవి: క్యామ్ టాలరెన్స్ 0.003, పాయింట్ దూరం 0.3, యాక్సిస్ గైడ్ గీతలతో, స్పైరల్, స్టెప్ ఓవర్ 0.18, ఎ కనీసం 4 డిగ్రీలు, సైకిల్832లో 0.005. సైకిల్832 ఇంతకుముందు 0.01 ఉండేది.

పట్టీలు పోయాయి. హబ్ గుంట పోయింది. స్ప్లిటర్ అంచు మెరుపు తగ్గింది, పూర్తిగా పోలేదు. కానీ బ్లేడ్ మీద ఇప్పుడు కొత్తగా ఇసుక చల్లినట్టు సన్నటి మచ్చలు. వరుస లేదు, పద్ధతి లేదు. అడ్డంగా ఆర్ఏ 0.9.

కంట్రోలర్_మూర్తి

వరుస లేకపోతే దశాంశాలు చూడండి. పోస్ట్ ఎన్ని స్థానాలు రాస్తోంది?

టర్బో_పని

అన్ని అక్షాలకీ మూడు.

స్పిండిల్_శీను

మూడు అంటే ఒక మైక్రాన్. మిషన్ కచ్చితత్వమే అంతకన్నా ఎక్కువ ఉండదు కదా, అది ఎలా కారణం అవుతుంది?

కంట్రోలర్_మూర్తి

స్థానం లెక్క కాదు శీనూ, దిశ లెక్క. మూడు స్థానాలకి సరిచేస్తే ఒక్కో పాయింట్ అర మైక్రాన్ దాకా అటూ ఇటూ జరుగుతుంది. పక్కపక్క రెండు పాయింట్లు వ్యతిరేక దిశల్లో జరిగితే 0.3 పొడవు ముక్క మీద 0.001 తేడా, 0.19 డిగ్రీల అబద్ధపు మలుపు. అదే 1.4 మి.మీ. ముక్క మీద 0.04 డిగ్రీలే, అందుకే ఇంతకుముందు కనిపించలేదు. పాయింట్లు దగ్గర చేసేకొద్దీ దశాంశాలు పెంచాలి, ఈ రెండూ జంట.

రోటరీది ఇంకా పెద్దది. 0.001 డిగ్రీ 70 మి.మీ. వ్యాసార్ధం దగ్గర 1.2 మైక్రాన్లు. ఐదు అక్షాల తప్పులూ కలిసి పాయింట్‌కి పాయింట్‌కి మారుతుంటే కంట్రోలర్ వాటిని నిజమైన మలుపులనుకుని యాక్సిలరేట్ చేస్తుంది. సర్వోకి అది గుచ్చినట్టే.

ఎక్స్, వై, జెడ్‌కి 5 స్థానాలు, ఎ, సి కి 6 పెట్టండి. ఫైల్ పెరుగుతుంది, పెరగనివ్వండి. ఇంకా మంచిది, ఎ, సి కోణాలు మానేసి టూల్ దిశని ఎ3, బి3, సి3 వెక్టర్లుగా రాయించండి, ట్రావోరి అవి తీసుకుంటుంది. వెక్టర్లకీ కనీసం 6 స్థానాలు ఉండాలి.

యాక్సిస్_సెటప్

ఆ పని చేసేలోపు మిషన్ కైనమాటిక్స్ కూడా ఒకసారి చూసుకోండి. స్పిండిల్‌లో మాస్టర్ బాల్ ఉన్న మాండ్రెల్ పెట్టి, టేబుల్ మీద డయల్‌ని బాల్‌కి ఆనించి, ట్రావోరి ఆన్ చేసి, బాల్ సెంటర్‌ని టూల్ టిప్‌గా పెట్టి సి ని ఒక చుట్టు, ఎ ని రెండు వైపులా తిప్పండి. మూడు దిశల్లోనూ డయల్ 10 మైక్రాన్ల లోపు ఉండాలి. ప్రోబ్ ఉంటే సైకిల్996 చాలు, హైడెన్‌హైన్ వాళ్ళకి సైకిల్ 451. ఎ అక్షం సెంటర్ విలువలో 15 మైక్రాన్ల తప్పు ఉంటే, ఎ 60 డిగ్రీలు తిరిగేసరికి అదే 15 మైక్రాన్లు జాబ్ మీద తేడా. బ్లేడ్ ఒక్కదాన్నే చూస్తే తెలియదు, బ్లేడ్ ఫిల్లెట్‌లో కలిసే చోట, ఒక్కో ఆపరేషన్ ఒక్కో టిల్ట్‌తో వస్తుంది కాబట్టి, మెట్టు పడుతుంది.

ఇది మిషన్ వేడెక్కాకే చేయాలి. చల్లటి స్పిండిల్‌తో చేసి, గంట తర్వాత జాబ్ నడిపితే జెడ్‌లో పెరుగుదల ఆ కొలతని మింగేస్తుంది. 20,000 దగ్గర 20 నిమిషాలు వార్మప్, రోటరీలు కూడా ఊపుతూ. టూల్ పొడవు తిరుగుతున్న టూల్ మీద లేజర్‌తో తీయడం మంచిది.

టర్బో_పని

పోస్ట్ 5, 6 స్థానాలకి మార్చాను, వెక్టర్ అవుట్‌పుట్ కూడా. ఇసుక మచ్చలు లేవు. ఆర్ఏ అడ్డంగా 0.6, గాలి దిశలో 0.4. 2.5 కటాఫ్‌తో కూడా 0.7 లోపే. బాల్ పరీక్షలో సి చుట్టులో 6 మైక్రాన్లు, ఎ లో 9.

స్ప్లిటర్ అంచు మెరుపు కాక మిగిలింది ఒక్కటే. ప్రతి బ్లేడ్ సక్షన్ సైడ్ మీద, ముందు అంచు నుంచి 18 మి.మీ. దగ్గర, పైనుంచి కిందికి ఒక సన్నటి గీత. ఒకటే గీత, అన్ని బ్లేడ్ల మీదా అక్కడే.

యాక్సిస్_సెటప్

ఆ చోట ఎ దిశ మారుతోందా చూడండి. ఎ పెరుగుతూ వచ్చి తగ్గడం మొదలుపెట్టే బ్లాకు గీత మీద పడితే అది రివర్సల్ మార్క్. వార్మ్ గేర్ ట్రనియన్ అయితే లాస్ట్ మోషన్ (దిశ మారేటప్పుడు గేర్ సందులో పోయే కదలిక), డైరెక్ట్ డ్రైవ్ అయితే ఫ్రిక్షన్ కాంపెన్సేషన్.

క్యామ్_లక్ష్మి

ఎ దిశ మారకపోతే మోడల్‌లో సర్ఫేస్ అతుకు చూడండి. రెండు ప్యాచ్‌లు అంచు కలిసి, స్పర్శ కూడా కలిసి, వంపు మాత్రం కలవకపోతే వెలుగులో సరిగ్గా ఇలాంటి గీతే వస్తుంది. జీబ్రా అనాలిసిస్ వేస్తే అక్కడ చారలు విరిగి కనిపిస్తాయి.

టర్బో_పని

ఎ అక్కడ ఒకే దిశలో పోతోంది. జీబ్రా చారలు 18 మి.మీ. దగ్గర విరిగాయి.

క్యామ్_లక్ష్మి

అయితే మిషన్‌ని ముట్టుకోకండి. డిజైన్ వాళ్ళని అడిగి ఒకే సర్ఫేస్‌గా తెప్పించుకోండి. వాళ్ళ దగ్గర బ్లేడ్ సెక్షన్ పాయింట్లు ఉంటాయి, ఫైల్ మార్పిడిలో రెండు ముక్కలై ఉండచ్చు. మీరే కలపాలంటే సెక్షన్ గీతల్ని ఒక్కోటిగా మళ్ళీ ఫిట్ చేసి లాఫ్ట్ చేయండి (వాటి మీదుగా ఒకే సర్ఫేస్ పరచండి), అసలు సర్ఫేస్ నుంచి తేడా 0.005 దాటకుండా చూసుకుని, డిజైన్ వాళ్ళ సంతకం తీసుకున్నాకే పాత్ వేయండి. స్ప్లిటర్లకి కూడా అదే ఫైల్ నుంచి వచ్చిన సర్ఫేసే కాబట్టి వాటి మీదా జీబ్రా వేసి చూడండి.